పొదిగిన సబ్బు

మంగళవారం ఉదయం తొమ్మిదీ ఇరవై అయినా యంత్రం తెర మీది గీత కిందికి దిగాల్సినంత దిగకపోయేసరికి పెద్దక్క కుర్చీ ముందుకు జరుపుకుంది. దిగడమైతే దిగుతోంది. మోకాళ్ల నొప్పులున్న మనిషి మెట్లు దిగినట్టు దిగుతోంది. ఆమె చదరపు గాజు గొట్టాన్ని బయటికి తీసి, కడిగి, మళ్లీ నింపి పెట్టింది. మళ్లీ అదే గీత. మూడోసారి పెట్టేముందు కళ్లు మూసుకుని మనసులో ఏదో అనుకుంది కూడా. పదకొండేళ్లుగా పిల్లలకు రసాయన శాస్త్రం చెబుతున్న మనిషి చేయాల్సిన పని కాదది. నలభై ఒకటి రావాల్సిన చోట మూడుసార్లూ ఆరే వచ్చింది.

ప్రయోగశాలలో అందరూ ఆమెను పెద్దక్క అంటారు. ఆమెకు నలభై మూడేళ్లు, మిగతా పరిశోధక విద్యార్థులంతా పాతికేళ్ల లోపువాళ్లు. ఉదయం తొమ్మిది నుంచి పది దాకా ఈ యంత్రం ఆమెది. పదిన్నర నుంచి సాయంత్రం దాకా ఆమె ఒక కాలేజీది. ఆ కాలేజీలో ఆమె ఉద్యోగం పదకొండేళ్లుగా తాత్కాలికమే. తాత్కాలికం అనే మాటకు ఇంత ఆయుష్షు ఉంటుందని నిఘంటువులు రాసినవాళ్లకు కూడా తెలిసి ఉండదు. పరిశోధన పట్టా తెస్తే ఉద్యోగం ఖాయం చేస్తామని, తేకపోతే ఈ వేసవి సెలవులే ఆఖరి సెలవులని ఈ ఏడాది మొదట్లోనే చెప్పేశారు.

ఆ పట్టా కోసం ఆమె నమోదు చేసుకుని ఎనిమిదేళ్లయింది. గడువు రెండుసార్లు పొడిగించారు, మూడోసారి పొడిగించే నిబంధన లేదు. శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు దాటితే ఆ ఎనిమిదేళ్లూ రద్దు. అయినా మొన్న శనివారం దాకా ఆమె గుండెలమీద చెయ్యి వేసుకునే నిద్రపోయింది. రెండువందల పన్నెండు పేజీల సిద్ధాంత గ్రంథాన్ని చదివిన పరీక్షకుడు, ఆ రోజు అందిన ఉత్తరంలో మెచ్చుకుని, ఒకే ఒక్క కోరిక కోరాడు. సబ్బు అన్నిటికంటే చిక్కగా ఉన్నచోట వచ్చిన ఆ విలువను దయచేసి మరొక్కసారి కొలిచి ఫలితం తెలుపగలరు, అని. విలువ సరిపోయిందని పరిశోధన చేయించే మాస్టారి సంతకంతో నాలుగు ముక్కలు రాసి విశ్వవిద్యాలయం ఆఫీసు కిటికీలో ఇస్తే పని అయిపోయినట్టే. సరిపోలేదంటే దాని పేరు సవరణ. సవరణకు ఏడాది పడుతుంది. ఆమె దగ్గర ఉన్నవి నాలుగు రోజులు.

ఇంతకీ ఎనిమిదేళ్లుగా ఆమె చేసిన పని ఏమిటంటే, ఒక ఎలక్ట్రాను ఈ ఇంట్లోంచి ఆ ఇంట్లోకి వెళ్లడానికి ఎంతసేపు పడుతుందో కొలవడం. ఈ ఇల్లు ఇనుప సంక్లిష్టం, ఆ ఇల్లు కోబాల్టు సంక్లిష్టం. నడుమ ఒక లోహం, దాన్ని అంటిపెట్టుకుని చుట్టూ కొన్ని అణువులు, సంక్లిష్టమంటే అంతే. పేరుకే గానీ మన సంసారాల కంటే తేలికైన ఏర్పాటు. ఇనుము ఎలక్ట్రాను ఇస్తుంది, కోబాల్టు పుచ్చుకుంటుంది. పుచ్చుకోగానే కోబాల్టుకున్న వంకాయ రంగు పోతుంది. రంగు ఎంత తొందరగా పోతే ఎలక్ట్రాను అంత తొందరగా చేతులు మారినట్టు. యంత్రం ఆ రంగునే చూస్తూ గీత గీస్తుంది.

చిక్కేమిటంటే, ఈ రెండింటిమీదా ఉన్నది ధనావేశమే. నీళ్లలో ఎదురుపడితే మొహాలు తిప్పుకుంటాయి. అక్కడికి సబ్బు వస్తుంది. సబ్బు అణువుకు ఋణావేశమున్న తల, నీళ్లంటే పడని తోక ఉంటాయి. నీళ్లలో సబ్బు ఒక మోతాదు మించగానే అవి తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టి చిన్న చిన్న ఉండలు కడతాయి. ఇనుమూ కోబాల్టూ ఆ ఉండ మీదికి చేరి, పక్కపక్కన కూర్చోక తప్పక, ఎలక్ట్రాను ఇచ్చిపుచ్చుకుంటాయి. వేగం ముప్ఫై రెట్లవుతుంది. ఇంకా సబ్బు పోస్తే ఉండలు ఎక్కువైపోతాయి, ఎవరి ఉండ మీద వాళ్లుంటారు, వేగం పడిపోతుంది. పార్కులో ఒకే బెంచీ ఉంటే నలుగురూ మాట్లాడుకుంటారు, మనిషికో బెంచీ వేస్తే ఎవరి పేపరు వాళ్లు చదువుకుంటారు. కాగితం మీద గీస్తే అదొక గుట్ట. ఇంతవరకూ లోకమంతటికీ తెలిసిందే.

లోకానికి తెలియనిది రెండో గుట్ట. సబ్బు ఇంకా ఇంకా చిక్కబడితే, పడిపోయిన వేగం మళ్లీ లేచి నలభై రెట్లు దాటుతుందని ఇరవై రెండేళ్ల కిందట ఈ గదిలోనే మాస్టారు కనిపెట్టారు. అప్పటినుంచి ఆయన గుట్ట మాస్టారు. అలా పిలుస్తారని ఆయనకూ తెలుసు, పిలిచినప్పుడు లోలోపల మురిసిపోతారని అందరికీ తెలుసు. ఆ గుట్ట ఎందుకు లేస్తుంది, ఎంత లేస్తుంది, వేడికి ఏమవుతుంది అన్నదే పెద్దక్క గ్రంథమంతా. ఇప్పుడు ఆ గుట్ట శిఖరం దగ్గరే ఆరు వచ్చి కూర్చుంది.

ఆ రోజంతా పాఠాలు చెబుతూనే ఉంది గానీ ఏం చెప్పిందో ఆమెకే తెలియదు. బుధవారం పొద్దున ఎనిమిదింటికే వచ్చి గొట్టాలు మార్చింది, నీళ్లు మార్చింది, ఇనుప ద్రావణం కొత్తగా చేసుకుంది, యంత్రంలో దీపం కూడా మార్పించింది. ఏడు వచ్చింది. ఆరుకు ఏడు రావడం చూసి ఏడవాలో నవ్వాలో తెలియక బల్లకు తల ఆనించుకుని ఉండిపోయింది. సరిగ్గా అప్పుడే పది గంటలాయన వచ్చాడు. పది నుంచి పదకొండు దాకా యంత్రం వాడుకునే పక్క విభాగం ఆయన. ఎప్పుడూ తొమ్మిదీ యాభైకే వచ్చి వెనకాల నిలబడి నిట్టూరుస్తుంటాడు.

"మేడమ్, మీ కొత్త గుడ్డు యంత్రం మీద పెట్టుకున్నారు సరే, పోయిన వారం గుడ్డు ఇంకా ఆ పక్కనే ఉంది. తీసేస్తారా, పిల్ల బయటికొచ్చాక తీస్తారా?" అన్నాడు.

గుడ్డేమిటో చెప్పాలి. యంత్రం కోసం ఆ గదిని ఎప్పుడూ చల్లగా ఉంచుతారు. ఆ చలికి సబ్బు ద్రావణంలో అడుగున తెల్లటి పలుకులు పేరుకుంటాయి. అందుకని మాస్టారు మొదటినుంచీ ఒక అలవాటు చేశారు. యంత్రంలో దీపముండే పెట్టె వెచ్చగా ఉంటుంది, సబ్బు సీసాను దానిమీద పెట్టాలి. ప్రయోగశాల భాషలో దాన్ని పొదగెయ్యడం అంటారు. సబ్బు పొదగేశావా అంటే పొదగేశాననాలి. ఇంకో అలవాటు, తూకంలో తేడాలు రాకుండా వారానికి సరిపడా సబ్బు సోమవారమే కలిపి, ఇనుము చెడిపోకుండా ఉండడానికి కావాల్సిన ఆమ్లం కూడా అందులోనే పోసేయడం. మూడోది, చిక్కటి సబ్బు గొట్టాలకు అంటుకుంటే ఓ పట్టాన వదలదు కాబట్టి పలచనవి ముందు, చిక్కనివి వెనక కొలవడం. రోజుకు దొరికేది ఒకే గంట. సోమవారం బాగా పలచన చేసి కొలుస్తారు, మంగళవారం కాస్త చిక్కగా, అలా పెంచుకుంటూ పోతే శుక్రవారానికి నీళ్లు కలపకుండా సీసాలోది సీసాలోలాగే. ఇరవై రెండేళ్లుగా ఇంతే. మూడూ శుభ్రమైన అలవాట్లే, ఎవరూ వంక పెట్టలేరు.

పోయిన వారం సీసా పెద్దక్క కలిపిందే. పిచ్చుక అని పిలిచే చిన్నమ్మాయి ఒకతి, ఆ రెండో గుట్ట మీదే పరిశోధన మొదలుపెట్టింది. దానికి గుట్ట రావడం లేదంటే, ఎలా వస్తుందో చేసి చూపించడానికి కలిపిన సబ్బు అది. శుక్రవారం చూపించింది కూడా.

"పది నిమిషాలు ఇవ్వండి," అని పది గంటలాయన మొహం వైపు చూడకుండానే పాత సీసాలోంచి తీసి గొట్టం నింపింది. గీత జారుడుబల్ల మీంచి జారినట్టు కిందికి వచ్చింది. నలభై ఒకటి. మళ్లీ నింపింది. నలభై ఒకటి. మూడోసారీ అంతే. ఆమె గట్టిగా నవ్వేసింది. ఎనిమిదేళ్లలో ఆమె నవ్వు ఎప్పుడూ వినని పది గంటలాయన భయపడి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఏమిటి మేడమ్, పిల్ల వచ్చిందా?" అన్నాడు.

నవ్వు ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఒకే డబ్బాలోని సబ్బు. ఒకే తూకం, ఒకే ఆమ్లం. రెండు సీసాలకూ ఉన్న తేడా ఒక్కటే, అది వారం రోజులు పొదిగింది, ఇది రెండు రోజులే పొదిగింది. పొదిగితే లోపలున్నది ఉన్నట్టే ఎందుకుంటుంది? వెచ్చదనంలో, ఆమ్లంలో ఈ సబ్బు మెల్లగా విరిగి కొవ్వులాంటి ఆల్కహాలుగా మారుతుందని రెండో సంవత్సరం పిల్లలకు ఏటా చెబుతుంది ఆమె. బోర్డు మీద బాణం గుర్తు వేసి మరీ చెబుతుంది. ఆ కొవ్వు కాస్త చేరినా ఉండల తీరూ, వాటి మీద వేగమూ మారిపోతాయి.

కాలేజీకి సెలవు చెప్పి, పక్క గదిలో బీరువా తెరిచి తన నోటు పుస్తకాలు ముప్ఫై ఒక్కటీ నేలమీద పరుచుకుంది. విలువలు చూడలేదు, తేదీలే చూసింది. రెండో గుట్ట మీది ప్రతి పాయింటు పక్కనా గురువారం. లేకపోతే శుక్రవారం. ఎనిమిదేళ్లలో ఒక్కటంటే ఒక్కటి సోమవారం లేదు. ఆమె ఎక్కింది సబ్బు గుట్ట కాదు, వారం గుట్ట. మధ్యాహ్నం మూడింటికి పంతొమ్మిదో పుస్తకంలో ఒక పేజీ దొరికింది. ఆ వారం కూతురికి జ్వరమొచ్చి, సబ్బు బుధవారం కలిపి, హడావిడిగా అన్నీ గురువారమే కొలిచేసింది. అందులో రెండో గుట్ట లేదు. ఆ పేజీ మీద అడ్డంగా ఎర్ర సిరాతో గీత కొట్టి, పక్కన తన చేత్తోనే రాసుకుంది: జ్వరం వారం, మనసు మనసులో లేదు, లెక్కలోకి తీసుకోవద్దు. ఎనిమిదేళ్లలో ఆమె కొలిచిన ఒకే ఒక్క నిజమైన వారం అదే. ఆ ఎర్ర గీతను వేలితో తడుముతూ, ఎవరో పోయినట్టు ఏడ్చింది.

గురువారం ఉదయం మాస్టారి గదికి వెళ్లింది. ఆయన ఏదో దిద్దుకుంటున్నారు.

"మాస్టారూ, గుట్ట లేదు."

"ఏ గుట్టమ్మా?"

"మన గుట్టే."

కూర్చోమనలేదు, కూర్చోవద్దనీ అనలేదు. ఆమె నిలబడే అంతా చెప్పింది. పది గంటలాయన వేళాకోళం నుంచి జ్వరం వారం దాకా. చెబుతున్నంతసేపూ ఆయన కళ్లజోడు తుడుస్తూనే ఉన్నారు. చివరికి దాన్ని పెట్టుకోకుండా బల్ల మీద పెట్టేశారు.

"పాత సీసాతో ఎంత వచ్చింది?"

"నలభై ఒకటి."

"మూడుసార్లూనా?"

"మూడుసార్లూ."

"పరీక్షకుడు ఏమడిగాడు? మళ్లీ కొలిచి చెప్పమన్నాడు. నువ్వు కొలిచావు. గ్రంథంలో ఎలా చేశామని రాసుకున్నామో అలాగే చేశావు. నలభై ఒకటి వచ్చింది. అదే రాద్దాం."

"మరి కొత్త సీసా సంగతి?"

"అది ఆయన అడగలేదు కదమ్మా."

ఆయన కిటికీ వైపు తిరిగారు. "ముందు నీకు పట్టా రానీ. ఆ తర్వాత నెమ్మదిగా మనమే సరిదిద్దుకుందాం. నేను ఈ వేసవిలో ఉద్యోగం దిగిపోతున్నాను. ఇరవై రెండేళ్లు నన్ను ఒక పేరుతో పిలిచారు. ఈ నాలుగు నెలలూ పిలవనీ."

ఆ నెమ్మదిగా అన్న రోజు ఎప్పటికీ రాదని ఇద్దరికీ తెలుసు. అయినా ఉత్తరం ఆయనే రాశారు. మీరు కోరిన విధంగా ఆ విలువను మరల మూడుసార్లు కొలిచితిమి. మూడుసార్లూ నలభై ఒకటి వచ్చినది. గ్రంథములోని విలువతో సరిపోయినది. కింద సంతకం చేశారు. సంతకాన్ని చూసిన పెద్దక్కకు మొదట కలిగింది సిగ్గు కాదు. ప్రాణం లేచివచ్చింది. సిగ్గు మెట్లు దిగుతున్నప్పుడు వచ్చింది, అదీ మెల్లగా.

ఇంటి ముందు గది ఆమె భర్త దుకాణం. ఆయన పుస్తకాలకు బైండింగ్ చేస్తాడు. ఆ ఊళ్లో పట్టా పుచ్చుకున్న వాళ్లందరి గ్రంథాలూ ఆయన సూది కింద నుంచి వెళ్లినవే. సాయంత్రం ఆమె వెళ్లేసరికి ఆయన జిగురు ఉడకబెడుతున్నాడు, వాకిట్లో అత్తగారు ఎవరో ముసలావిడకు మోకాలు చూపించమని చెబుతోంది.

"మా కోడలు వచ్చేసింది. ఇంకో వారంలో డాక్టరైపోతోంది. ఏదైనా మందు చెప్పమ్మాయ్ ఈవిడకు," అంది అత్తగారు.

"ఆ డాక్టరు కాదత్తయ్యా," అంది ఆమె, ఎనిమిదేళ్లుగా చెబుతున్నట్టే.

"ఏ డాక్టరైతేనేం, చదువు చదువే," అని అత్తగారు ఎనిమిదేళ్లుగా అంటున్నట్టే అంది.

భర్త నవ్వాడు. "రండి డాక్టరుగారూ. ఊరందరి పరిశోధనలూ కుట్టాను గానీ ఒక్కటీ చదివిన పాపాన పోలేదు. నీదొక్కటైనా చదవకపోతే బాగుండదని నాలుగో అధ్యాయం చదివాను."

"ఏం అర్థమైంది?"

"కష్టపడి గుట్ట ఎక్కుతున్నారని అర్థమైంది. ఎక్కాక పైనుంచి ఏం కనిపిస్తుందో మాత్రం నువ్వు చెప్పలేదు."

ఆమె చెప్పులు విప్పి గోడ పక్కన పెట్టింది. అక్కడినుంచే అడిగింది, "కుట్టేసిన పుస్తకంలో ఒక మడత తప్పు పడిందని తెలిస్తే మీరేం చేస్తారు?"

"ఎవరికి తెలిస్తే? నాకా, వాళ్లకా?"

"మీకే."

ఆయన జిగురు కలుపుతూ ఆలోచించాడు. "కొత్తలో విప్పి మళ్లీ కుట్టేవాణ్ని. ఈ మధ్య ఊరుకుంటున్నాను. ఎవరూ విప్పి చూడరు. ఎందుకూ?"

"ఊరికే," అంది ఆమె. స్నానాల గదిలోకి వెళ్లి, కుళాయి మొత్తం తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. మంచి మనిషి నోటి నుంచి కూడా ఆ మాటే రావడం ఆమెకు ధైర్యం ఇవ్వలేదు, ఉన్న ఆసరా కూడా తీసేసినట్టయింది.

శుక్రవారం రెండింటికి ఉత్తరానికి జతపరచాల్సిన గీత అచ్చు తీసుకోవడానికి యంత్రం గదికి వెళ్లింది. మూడు పాయింట్లు, మూడు నలభై ఒకట్లు. యంత్రం ముందు పిచ్చుక కూర్చుని ఉంది. సన్నగా, ఎప్పుడూ గెంతుతూ తిరిగే పిల్ల. ఇప్పుడు కుర్చీలో ముడుచుకుపోయి ఉంది. కళ్లు వాచి ఉన్నాయి.

"మీ గుట్ట నాకు రాదక్కా," అంది తల ఎత్తకుండా. "మూడు నెలలయింది. ఎన్నిసార్లు చేసినా ఆరే, ఏడే. మీరు చేస్తే నా కళ్లముందే నలభై ఒకటి వచ్చింది. నా చెయ్యి మంచిది కాదు."

"సబ్బు పొదగేస్తున్నావా?" అని అడిగింది పెద్దక్క. అడగాలని లేదు, నోరు ఊరుకోలేదు.

"ఎక్కడ పొదగెయ్యనూ? ఆ పెట్టె మీద ఒక్క సీసాకే కదా చోటు, అక్కడ మీదే ఉంటుంది. నేను పక్కనే హాస్టల్లోనే ఉంటానుగా, రోజూ పొద్దున ఏడింటికే వచ్చి అప్పటికప్పుడు కలుపుకుంటున్నాను."

ఈ గదిలో ఇరవై రెండేళ్లలో వరసగా సరిగ్గా కొలిచింది ఈ పిల్ల ఒక్కతే, అదీ సీసాకు చోటు దొరక్క. చెప్పడానికి నోరు తెరిచింది. చేతిలో ఉత్తరం ఉంది. మూడు గంటల దూరంలో ఐదు ఉంది.

"ఇంకోసారి చెయ్యమ్మా. వస్తుంది," అంది.

అనేసి బయటికొచ్చేసింది. ఆఫీసు కిటికీ ముందు పదకొండు మంది ఉన్నారు. కిటికీ అవతల గుమాస్తా కాగితాల మీద కాగితం పెట్టి, సర్ది, నీళ్లు తాగి, మళ్లీ సర్ది, అప్పుడు ముద్ర వేస్తున్నాడు. వరుస జరిగినప్పుడల్లా ఆమె ఉత్తరం విప్పి చదువుకుంది. ఒక్క మాట కూడా అబద్ధం కాదు. పైనుంచి చదివినా కింది నుంచి చదివినా అబద్ధం కనిపించదు. ఆ పిల్ల మీద కోపం వచ్చింది. దానికింకా ఇరవై మూడేళ్లే, ఈ గుట్ట కాకపోతే ఇంకో గుట్ట చూసుకుంటుంది, తనకేముంది? ఇల్లుంది, కూతురి చదువుంది, వేసవిలో ఊడిపోయే ఉద్యోగముంది. దానికోసం తనెందుకు మునగాలి? అలా అనుకుంటూ నాలుగంగుళాలు ముందుకు జరిగింది. మళ్లీ ఆ పిల్ల గొంతే వినపడింది. నా చెయ్యి మంచిది కాదు. పంతొమ్మిదో పుస్తకంలో ఎర్ర సిరాతో తను రాసుకున్నదీ ఆ మాటే కదా.

నాలుగూ ఇరవైకి ఆమె ముందు ఇద్దరే మిగిలారు. వెనక ఉన్న పెద్దమనిషితో, "ఇప్పుడే వస్తాను," అంది.

"మీ చోటు ఉంచమంటారా?"

"ఉంచండి. పది నిమిషాలు."

నిజంగా పది నిమిషాలే అనుకుంది. పిల్లకు చెవిలో ఒక మాట చెప్పేసి, పరుగున వచ్చి, ఉత్తరం ఇచ్చేయాలనుకుంది. రెండూ జరగవచ్చని, రెండూ జరగాలని అనుకుంది. ఆమెను తప్పు పట్టేవాళ్లు ఒకసారి ఆ వరుసలో నిలబడి చూడాలి.

పిచ్చుక తన అర ఖాళీ చేస్తోంది. గాజు గొట్టాలు పాత వార్తాపత్రికల్లో చుట్టి ఒక అట్టపెట్టెలో పెడుతోంది.

"ఎక్కడికి?"

"ఇంటికి. నాన్నకు ఫోన్ చేశాను. రేపు వచ్చేస్తానన్నాను."

"నీ చెయ్యి మంచిదే. గుట్ట లేదు," అంది పెద్దక్క ఒగురుస్తూ. "సబ్బు పాతబడి అలా లేస్తోంది. నీకు వచ్చిన ఆరే సరైనది."

పిచ్చుక ఆమెను జాలిగా చూసింది. "నన్ను ఓదార్చడానికి అంటున్నారు."

"కాదే."

"మరి ఆ చేతిలో కాగితం ఏమిటక్కా?"

పెద్దక్క దాచేలోపే ఆ పిల్ల దాన్ని మెల్లగా తీసుకుని చదివింది. చదివి తిరిగి ఇచ్చింది. "నలభై ఒకటి. మాస్టారి సంతకం కూడా ఉంది. ఈ మాట రాసి ఇస్తూ నాకు ఆ మాట చెబితే నేనేం నమ్మాలక్కా? ఇందాకేమో ఇంకోసారి చెయ్యి, వస్తుందన్నారు."

ఆ కాగితం కిటికీ దాటితే ఈ పిల్ల నమ్మదు. ఈ పిల్లే కాదు, దీని తర్వాత వచ్చే వాళ్లెవరూ తమ చేతుల్ని నమ్ముకోరు. పెద్దక్క గోడ గడియారం వైపు చూసింది. నాలుగూ ఇరవై ఆరు. కొత్త సబ్బుతో ఒక కొలతకు పన్నెండు నిమిషాలు పడుతుంది.

"పొద్దున నువ్వు కలిపిన సబ్బుందా?"

"ఉంది. పారబొయ్యలేదు."

"తీసుకురా. కూర్చో. నేను ముట్టుకోను, నువ్వే చెయ్యి."

పిచ్చుక చేసింది. గీత నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా దిగింది. ఆరు. ఆ సీసాలోదే మళ్లీ చేయించింది. ఆరు. తర్వాత పాత సీసాలోంచి ఆ పిల్ల చేతే పోయించింది. గీత జారిపడింది. నలభై ఒకటి. పిచ్చుక తెర వైపు, సీసాల వైపు, తన వేళ్ల వైపు చూసుకుంది.

"నీ పాత కొలతలు కూడా తీసుకురా. అన్నీ ఒకచోట రాద్దాం."

"లేవక్కా." ఆ పిల్ల ఖాళీ అర చూపించింది. "తప్పులనుకుని ఆ పేజీలన్నీ చింపేశాను. పుస్తకం కూడా మధ్యాహ్నమే తిరిగి ఇచ్చేశాను. రాయడానికి కాగితం కూడా లేదు."

పెద్దక్క చేతిలో ఉన్న ఉత్తరాన్ని బల్ల మీద బోర్లా పెట్టి అరచేత్తో చదును చేసింది. సంతకం కిందికి వెళ్లింది, తెల్లటి వైపు పైకొచ్చింది. తేదీ వేసింది. కొత్త సబ్బు, ఈ రోజు ఉదయం కలిపినది, ఆరు, ఆరు, అని రాసింది. పాత సబ్బు, వారం రోజులు పొదిగినది, నలభై ఒకటి. సిరా అవతలి వైపుకు దిగింది. కొలిచినవారు అని రాసి పెన్ను పిచ్చుక చేతికి ఇచ్చి సంతకం పెట్టమంది. ఆ పిల్ల పెట్టింది.

అప్పుడు గడియారం చూసి పిచ్చుక ఉలిక్కిపడింది. "అయ్యో, ఐదూ పది. ఆఫీసులో మీకేదో పని ఉందేమో కదక్కా?"

"ఉండేది," అంది పెద్దక్క.